బండి దీపం ఎందుకు ఆరింది?

ఈ నెల మన శీర్షికకు చేరిన వుత్తరాలు నాలుగు. నాలుగు వీధుల నుంచి వచ్చినా విషయం మాత్రం ఒక్కటే: మోటారుసైకిలు దీపం. కొత్త దీపాలు బిగించిన తరువాత పాతవి సరిగా వెలగడం మానేశాయని ఒకరు రాశారు. సైడు లైట్లు తాళం తప్పిన భజనలాగా పరుగెడుతున్నాయని మరొకరు. పది రోజులకొక ఫ్యూజు కాలుతోందని ఇంకొకరు. ఇంటి ముందు బ్రహ్మాండంగా వెలిగే దీపం జయపురం చేరేలోగా ఆరిపోతున్నదని నాలుగో వారు. ఎవరికి వారికి జవాబు రాస్తే కార్డుమీద పట్టదు గనుకా, తక్కిన వారికి కూడా పనికొస్తుంది గనుకా, అందరికీ కలిపి ఇక్కడే మనవి చేస్తున్నాం.

మన బోరిగుమ్మ రెండు పెద్ద రోడ్ల కూడలి. నవరంగపురం వైపు నుంచి వచ్చి జయపురం, కోరాపుట్, సుంకి, సాలూరు మీదుగా విజయనగరం వైపు పోయే 26వ నెంబరు జాతీయ రహదారీ, కోట్‌పాడు మీదుగా జగదల్‌పూరు పోయే 63వ నెంబరు రహదారీ ఇక్కడే కలుస్తాయి. 2010లో నెంబర్లు మారినా పెద్దవాళ్ళు ఇంకా 43 అనే అంటారు. పెళ్ళికైనా, పైడితల్లమ్మ సిరిమానుకైనా, ఆస్పత్రికైనా మన వాళ్ళు ఈ దారినే కొండలు దిగాలి, మళ్ళీ ఎక్కాలి. వానాకాలంలో జల్లు, చలికాలంలో సిమిలిగుడ, పొట్టంగి దగ్గర మంచు. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. ఇల్లాంటి దారిలో దీపం ఆరడమంటే ఇంట్లో కరెంటు పోవడం వంటిది కాదు గదా! అందుచేత కుర్రవాళ్ళు కంపెనీ దీపం చాలదనుకుని అదనపు దీపాలు బిగించుకోవడంలో తప్పేమీ లేదు. బిగించే పద్ధతిలోనే వున్నది చిక్కంతా.

మోటారుసైకిళ్ళు పుట్టిన కొత్తలో వాటికి కార్బైడు దీపాలే వుండేవి. గింజల మీద నీటి చుక్కలు పడి గ్యాసు పుట్టి, ఆ గ్యాసు వెలిగేది. ఆ తరువాత కరెంటు దీపాలు వచ్చాయి. పాత రాజదూత్‌ల వంటి బళ్ళు ఆరు వోల్టులవి. ఇప్పటివన్నీ పన్నెండు వోల్టులవి. పాత బండి వున్నవారు బల్బు కొనేటప్పుడు ఈ అంకె చూసుకోవాలి. ఆరు వోల్టుల బండికి పన్నెండు వోల్టుల బల్బు పెడితే మిణుగురులాగా వెలుగుతుంది. పన్నెండు దానికి ఆరుది పెడితే కళ్ళు మూసి తెరిచేలోగా కాలిపోతుంది.

ఇక కరెంటు ఎక్కడ పుడుతుందో చూద్దాం. ఇంజను తిరిగితే దానితోపాటు మాగ్నెటో తిరుగుతుంది. అందులో పుట్టేది ఏసీ కరెంటు. చాలా చిన్న బళ్ళలో, ముఖ్యంగా కాస్త పాతవాటిలో, హెడ్‌లైటు ఈ ఏసీ మీదనే వెలుగుతుంది. అందుకే బండి నిలబెట్టినప్పుడు మందంగానూ, ఏక్సిలేటరు తిప్పితే ప్రకాశంగానూ కనిపిస్తుంది. మిగిలిన కరెంటులో కొంత, రెగ్యులేటరు రెక్టిఫయరు అనే అర్ధసేరు పెట్టెలాంటి దాని గుండా పోయి డీసీగా మారి బ్యాటరీని నింపుతుంది. హారను, సైడు లైట్లు, బ్రేకు లైటు ఆ బ్యాటరీ మీద బతుకుతాయి. పెద్ద బళ్ళలోనూ, చాలా కొత్త బళ్ళలోనూ హెడ్‌లైటు కూడా డీసీ మీదనే. మీ బండి ఏ జాతిదో తెలియకుండా ఒక్క తీగ కూడా కొయ్యవద్దని మా మొదటి మనవి. తెలుసుకోవడం సులభం: ఇంజను ఆపి, తాళం తిప్పి, హెడ్‌లైటు మీట నొక్కండి. వెలిగితే బ్యాటరీ మీద వున్నట్టు.

కొత్త బళ్ళకు ఈ పరీక్ష కుదరదు. 2017 ఏప్రిల్ 1 తరువాత తయారైన ద్విచక్ర వాహనాలకు ఇంజను నడిచినంతసేపూ హెడ్‌లైటు దానంతటదే వెలుగుతుంది. ఆర్పే మీట లేదు. ఎదటివారికి పగటిపూట కూడా బండి కనబడాలని పెట్టిన నిబంధన అది. పగలు దీపం దండగ అనుకుని చాలామంది కుర్రవాళ్ళు తీగ కోసి మధ్యలో ఇరవై రూపాయల స్విచ్చి ఒకటి పెట్టించారు. ఆ స్విచ్చి ఇంటి బెడ్‌లైటుకు తయారైనది. వానకూ, కుదుపుకూ తయారైనది కాదు. నాలుగు వానలు పడేసరికి లోపల రేకు పచ్చబారి, ఒక రాత్రి గోతిలో చక్రం పడగానే హెడ్‌లైటు ఆరుతుంది. ఆదా చేసిన దీపం అప్పుడు లెక్క అడుగుతుంది.

మేము గుమాస్తా వుద్యోగం చేసేవాళ్ళం గనుక ఈ వ్యవహారాన్ని జమాఖర్చుగా చెబితే మాకు సుఖం. మాగ్నెటో ఇచ్చేది జీతం. దీపాలు, హారను ఇంటి ఖర్చు. బ్యాటరీ అంటే పోస్టాఫీసు పుస్తకంలో దాచుకున్న డబ్బు. ఖర్చు జీతాన్ని మించితే కొన్నాళ్ళు పుస్తకంలోంచి తీసి నడపవచ్చు. పుస్తకం ఖాళీ అయిన రోజున సంసారం ఆగిపోతుంది. లెక్క వెయ్యడానికి మెట్రిక్యులేషను చదువు చాలు: వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు. 35 వాట్ల బల్బు పన్నెండు వోల్టుల మీద సుమారు మూడు ఆంపియర్లు లాగుతుంది. నూరు వాట్లది ఎనిమిది దాటుతుంది. కంపెనీ తీగ మూడుకు సరిపడా వేసినది. తీగలో పుట్టే వేడి ఆంపియర్ల వర్గంతో పెరుగుతుంది. అనగా మూడు రెట్ల కరెంటుకు మూడు రెట్ల వేడి అనుకుంటే పొరబాటు. ఎనిమిది తొమ్మిది రెట్లు పుడుతుంది. హ్యాండిలు దగ్గర స్విచ్చి కరగడం, బల్బు వెనక ప్లాస్టిక్ హోల్డరు మాడిన వాసన రావడం ఇందువల్లనే.

ఇందుకు వుదాహరణగా మా వీధిలో జరిగిన సంగతి ఒకటి చెబుతాము. ఒక కుర్రవాడు తండ్రి బండికి ముందు రెండు ఎల్.ఇ.డి. దీపాలు బిగించాడు. హెడ్‌లైటు నిలకడగా వెలగడం లేదని దాన్ని కూడా ఏసీ తీగ నుంచి విడదీసి బ్యాటరీకి తగిలించాడు. వీధిలో వెలుతురు పట్టపగలులాగా వున్నది. నలుగురూ మెచ్చుకున్నారు. తరువాత తల్లిని తీసుకురావడానికి విజయనగరం వెళ్ళాడు. తిరుగుప్రయాణంలో రామభద్రపురం దగ్గర పొద్దుగూకింది. దీపాలన్నీ వేశాడు. సాలూరు దాటి ఘాటీ ఎక్కుతూవుంటే హారను పీలగా మోగడం మొదలెట్టింది. సైడు లైటు మిణకడం మానేసింది. తరువాత వెలుతురు పసుపు పచ్చబారి, మరి నాలుగు మలుపులకు పూర్తిగా పోయింది. ఇంజను మాత్రం నడుస్తూనే వున్నది.

ఆ తల్లి మాతో అన్న మాట ఇది: "దీపం ఆరిపోయిందని నాను బయపడలేదు బావూ. బండి నడిపే పిల్లడు 'అమ్మా, నాకేటీ కనబడ్డం లేదే' అన్నాడు చూడు, అప్పుడు గుండె జారిపోనాది."

వెనక ఒక లారీ వస్తూ వున్నది. డ్రైవరు ఆపి, సంగతి విని, "నాను ఎనకాలే ఒస్తాను. నా దీపంలో నువ్వు ఎడం పక్క పట్టుకుని పద బాబూ, బేగీ పోవద్దు" అన్నాడట. అల్లా సుంకి దాకా తీసుకొచ్చి దిగబెట్టి వెళ్ళాడు. పేరు అడగడానికి కూడా వీరికి తోచలేదు. తెల్లవారేదాకా తల్లీ కొడుకూ టీ దుకాణం బల్ల మీద కూర్చున్నారు.

ఆదివారంనాడు ఆ అబ్బాయి బండి మా పెరట్లోకి తెచ్చి, "మావయ్యగారూ, బ్యాటరీ కొత్తదేనండీ, కొని మూడు నెలలైనా కాలేదు, ఎందుకిల్లా చేసింది?" అని అడిగాడు. కాగితం మీద లెక్క వేసి చూపించాము. హెడ్‌లైటు 35 వాట్లు, ఎల్.ఇ.డి.లు ఒక్కొక్కటి 20, వెనక దీపం 5. మొత్తం 80 వాట్లు. అంటే ఆరున్నర ఆంపియర్ల పైచిలుకు. ఆ బండిలో బ్యాటరీకి చేరే జీతం మీటరు పెట్టి చూస్తే రెండున్నర ఆంపియర్లు. గంటకు నాలుగు ఆంపియర్లు లోటు. బ్యాటరీలో వున్నది అయిదు ఆంపియర్ అవర్లు. గంటంపావుకు ఖాళీ. రామభద్రపురం నుంచి ఆ మలుపుకు పట్టిన కాలం కూడా అంతే. ఇంజను ఎందుకు నడిచిందంటే, ఆ బండిలో స్పార్కుకు కావలసిన కరెంటు మాగ్నెటోలో వేరే చుట్ట నుంచి వస్తుంది. బ్యాటరీతో పని లేదు. బ్యాటరీ లోపం లేదు, దీపాల లోపం లేదు. జమకూ ఖర్చుకూ పొత్తు కుదరలేదు, అంతే. హెడ్‌లైటును తిరిగి ఏసీ తీగకు కలిపి, రెండు ఎల్.ఇ.డి.లలో ఒకటి తీసివేశాము. దానితో లెక్క సరిపోయింది.

ఇక దీపం పోయినప్పుడు ఏ వరసలో వెతకాలో చెబుతాము.

అన్నిటికంటే ముందు, దీపం ఒక్కసారిగా ఆరిందా, మెల్లగా నీరసించి ఆరిందా అని అడగాలి. మెల్లగా ఆరితే బ్యాటరీ, చార్జింగు చూడాలి. ఒక్కసారిగా ఆరితే ఫ్యూజు, తెగిన తీగ, వదులైన అతుకు. మెకానిక్కు దగ్గరికి వెళ్ళినా 'బతి జళుని' అని ఒక్కమాట చెప్పి వూరుకోక, ఎప్పుడు, ఎల్లా ఆరిందో చెబితే అతనికి సగం పని తగ్గుతుంది.

రెండోది, మీరు అదనంగా తగిలించినవన్నీ విడదీసి బండిని కంపెనీ ఇచ్చినట్టుగా చెయ్యండి. అప్పుడు వెలిగితే దోషం మీరు చేర్చినదానిలో వున్నట్టు. ఒక్కొక్కటే తిరిగి కలుపుతూ పోతే దొంగ దొరుకుతాడు. పని మొదలెట్టేముందు బ్యాటరీ నెగెటివు తీగ ముందు విప్పాలి, బిగించేటప్పుడు అది ఆఖరున బిగించాలి. పాజిటివు ముందు విప్పబోతే స్పానరు ఛాసీకి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి; పైన వున్నది పెట్రోలు టాంకు సుమండీ.

మూడోది ఎర్తు. కరెంటు దీపం దాకా వెళితే చాలదు, తిరిగి బ్యాటరీకి రావాలి. బండిలో ఆ తిరుగుదారి చాలావరకు ఛాసీ ఇనుమే. రంగు పూసిన చోటా, తుప్పు పట్టిన చోటా ఎర్తు తీగ బిగిస్తే దారి మూసుకుపోతుంది. దీనికి మంచి గుర్తు ఒకటి వున్నది. బ్రేకు నొక్కితే వెనక దీపం మందగించినా, సైడు లైటు వేస్తే హెడ్‌లైటు కూడా దానితోపాటు మిణికినా, ఎర్తు చెడినట్టే. తన దారి మూసుకుపోయిన కరెంటు పక్క దీపం గుండా ఇల్లు చేరుతున్నది. బోల్టు విప్పి, వుప్పు కాగితంతో ఇనుము మెరిసేదాకా గీకి, బిగించి, పైన కాస్త గ్రీజు పుయ్యండి. కొత్తవి బిగించాక పాతవి మందగించాయని రాసిన వారు మొదట ఇది చూడాలి.

నాలుగోది హ్యాండిలు మెడ. తీగలన్నీ ఆ సందులోంచే పోతాయి. హ్యాండిలు తిప్పినప్పుడల్లా వంగి వంగి, పైన తొడుగు బాగానే వున్నా లోపల రాగి తెగుతుంది. ఇంజను నడుస్తూ వుండగా హ్యాండిలు ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పి చూడండి. దీపం ఆరి వెలిగితే జబ్బు అక్కడే.

పరీక్షకు పెద్ద పరికరాలు అక్కరలేదు. పాత 21 వాట్ల బ్రేకు బల్బు, హోల్డరు, రెండు తీగలు, రెండు మొసలినోటి క్లిప్పులు వుంటే టెస్టు లాంపు తయారు. ఒక క్లిప్పు బ్యాటరీ నెగెటివుకు పెట్టి, రెండోది హోల్డరులో కరెంటు రావలసిన చోట తాకిస్తే, వెలిగితే కరెంటు వస్తున్నట్టు. క్లిప్పును పాజిటివుకు మార్చి, రెండోది ఎర్తు తీగకు తాకిస్తే, నిండుగా వెలిగితే ఎర్తు బాగున్నట్టు. కానీ 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బి.ఎస్. 6 బళ్ళలో చాలావాటికి కంప్యూటరు పెట్టె వున్నది. దాని తీగలమీద ఈ లాంపు పెట్టవద్దు; మల్టీమీటరు వాడండి. నిండిన బ్యాటరీ వూరికే వున్నప్పుడు 12.6 వోల్టుల దగ్గర, ఇంజను జోరు మీద 13.5 నుంచి 14.5 మధ్య చూపించాలి. అక్కడికి రాకపోతే చార్జింగు లేదు. పదిహేను దాటి పోతూ వుంటే రెగ్యులేటరు చెడినట్టు. బల్బులు వరసగా కాలడానికి అదే కారణం.

ఫ్యూజులు కాలుతున్న వారికి: పెట్టగానే కాలితే తీగ ఎక్కడో ఛాసీని తాకుతున్నది. నాలుగు రోజులాగి కాలితే, బరువు ఎక్కువైనా కావాలి, తొడుగు అరిగిన తీగ గోతుల్లో మాత్రమే తాకుతూ అయినా వుండాలి. ఫ్యూజులమీద ఫ్యూజులు తగలేయకుండా కనిపెట్టే వుపాయం ఇది. ఫ్యూజు తీసి, హెడ్‌లైటు ప్లగ్గు వూడదీసి, ఫ్యూజు రేకులు రెండింటికీ టెస్టు లాంపు తగిలించండి. తాళం తిప్పి మీటలన్నీ ఆపి వుంచండి. లాంపు నిండుగా వెలిగితే షార్టు వున్నట్టు. ఇప్పుడు తీగల కట్టను బెత్తెడు బెత్తెడు చొప్పున కదుపుతూ పోతే, లాంపు ఆరిన చోట దోషం దొరుకుతుంది. ఫ్యూజు బదులు సిగరెట్టు రేకో, రాగి పోచో పెట్టడం మాత్రం ఎవరు చెప్పినా చెయ్యవద్దు. ఫ్యూజు కాలితే పది రూపాయలు నష్టం. ఫ్యూజు కాలకపోతే తీగ కాలుతుంది, తీగ మీద టాంకు వున్నది.

సైడు లైట్లు పరుగెత్తడం జబ్బు కాదు. ఎల్.ఇ.డి.లు తక్కువ కరెంటు తాగుతాయి గనుక పాత ఫ్లాషరు బల్బు కాలిపోయిందని భ్రమపడి తొందరపడుతుంది. ఎల్.ఇ.డి.కి సరిపడే ఫ్లాషరు మార్చితే సర్దుకుంటుంది.

జయపురం చేరేలోగా దీపం పోతున్నదని రాసిన వారు మెల్లగా పోతున్నదో, ఒక్కసారి పోతున్నదో రాయలేదు. మెల్లగా అయితే పైన వేసిన లెక్క తమ బండికి వేసుకోవలెను. ఒక్కసారి పోయి, కాస్సేపు ఆగితే మళ్ళీ వస్తూవుంటే, ఏదో అతుకు వేడెక్కి వదులవుతున్నది. పది నిమిషాలు దీపం వేసి, ఆపి, ప్లగ్గులను వేలితో తాకి చూడండి. చురుక్కుమన్న చోటే విప్పి చూడాలి.

అదనపు దీపం బిగించక తప్పదనుకున్నవారు ఇల్లా చెయ్యవచ్చు. బ్యాటరీ నుంచి వేరే తీగ, బ్యాటరీకి జానెడు దూరంలోనే వేరే ఫ్యూజు, అక్కడినుంచి రిలే. రిలే మీద నెంబర్లు వుంటాయి: 30కి బ్యాటరీ తీగ, 87 నుంచి దీపానికి, 85, 86 స్విచ్చికీ ఎర్తుకూ. అప్పుడు బరువంతా రిలే మోస్తుంది. హ్యాండిలు స్విచ్చి సంతకం పెట్టే ఆఫీసరు మాత్రమే. స్విచ్చి తీగ తాళం తిప్పితేనే కరెంటు వచ్చే చోట నుంచి తీసుకోండి, లేకపోతే మరిచి వదిలేసిన రాత్రి బ్యాటరీ ఖాళీ. ఏసీ హెడ్‌లైటు తీగకు మామూలు రిలే తగిలిస్తే టకటక కొట్టుకుంటుంది, పనిచెయ్యదు. అతుకులు మెలిపెట్టి నల్లటేపు చుడితే వానాకాలం దాటవు. టంకం పెట్టి, వేడికి ముడుచుకునే గొట్టం తొడగాలి. తీగ సైలెన్సరును తాకకూడదు, మెడ దగ్గర కాస్త వదులు వుండాలి.

వెలుతురు మందంగా వున్నదని పెద్ద బల్బు కొనేముందు పాత బల్బుకు నిండు వోల్టేజీ అందుతున్నదో లేదో చూడండి. ఫిలమెంటు బల్బుకు వోల్టేజీ నూటికి పది తగ్గితే వెలుతురు నూటికి ముప్పై తగ్గుతుంది. అతుకులు శుభ్రం చేస్తేనే చాలామందికి కొత్త దీపం అక్కర వుండదు. హాలొజెన్ బల్బు గాజును వేలితో పట్టుకోవద్దు. వేలి జిడ్డు వేడెక్కి గాజును పాడుచేస్తుంది.

ఎదటివారి సంగతి కూడా వున్నది. బల్బు ఫిలమెంటు ఎక్కడుంటుందో దానికి తగినట్టు వెనక అద్దం పోతపోస్తారు. అక్కడ ఎల్.ఇ.డి. దూర్చితే వెలుతురు దారిమీద పడక చెదిరి ఎదటివాడి కళ్ళలో పడుతుంది. ఘాటీలో ఎదటి లారీ డ్రైవరుకు కళ్ళు చీకట్లు కమ్మితే ముందు నష్టపోయేది మనమే. చట్టం కూడా ఒప్పుకోదు: 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ సంగతే స్పష్టం చేసింది. కనుక దీపం చేర్చదలచినవారు అమ్మిన షాపులోనో, రవాణా ఆఫీసులోనో ముందు అడిగి చేర్చుకోవడం క్షేమం.

దూరప్రయాణానికి ముందు రోజు రాత్రి ఇంటి ముందు ఒక గంటసేపు దీపాలన్నీ వేసి, వూళ్ళోనే నాలుగు చుట్లు తిరిగి చూడండి. సంచిలో రెండు ఫ్యూజులు, ఒక బల్బు, ఒక చేతి టార్చి వుంచండి. ఘాటీలో దీపం పోతే తోసుకుపోవద్దు. ఎడం పక్కకు తీసి ఆపి, వెనక కూర్చున్నవారిని దింపి రోడ్డుకు దూరంగా నిలబెట్టండి.

దీపాల విషయమై ఇంకా సందేహాలున్నవారు బండి పేరు, తయారైన సంవత్సరం, తామేమి చేర్చారో, దీపం ఎల్లా ఆరిందో నాలుగు ముక్కలు రాసి మన సంఘం ఆఫీసుకు పంపవలెనని మనవి. వచ్చే నెల ఇంట్లో ఇన్వర్టరు బ్యాటరీలో నీళ్ళు ఎప్పుడు, ఏవి పొయ్యాలన్న విషయం.